భూతద్దంలో అక్షరం ఎప్పుడు తిరగబడుతుంది? నిజ, మిథ్యా ప్రతిబింబాల వెనకున్న లెక్క

భూతద్దాన్ని పుస్తకం పేజీకి ఆనించి, మెల్లగా పైకి లేపుతూ పోతే మొదట అక్షరాలు నిటారుగానే ఉండి పెద్దవవుతాయి. ఇంకా లేపితే మరీ పెద్దవై, అంచులు చెదిరి, ఒక దశలో అద్దం నిండా మసక తప్ప ఏమీ మిగలదు. అక్కడితో ఆపేయకుండా, ముఖాన్ని బాగా వెనక్కి జరుపుకుని అద్దాన్ని ఇంకొంచెం లేపితే ఆ మసకలోంచి అక్షరాలు మళ్లీ తేలుతాయి. ఈసారి తలకిందులుగా. అద్దం అదే, పేజీ అదే, గదిలో వెలుతురూ అదే. మారింది పేజీకీ అద్దానికీ మధ్య ఉన్న దూరం ఒక్కటే.

పాఠ్యపుస్తకాలు ఈ సంగతిని ఆరు కిరణ చిత్రాలుగా నేర్పుతాయి. వస్తువు అనంత దూరంలో ఉంటే ఇలా, వక్రతా కేంద్రానికి ఆవల ఉంటే ఇలా, నాభి (సమాంతరంగా వచ్చిన కిరణాలను కటకం కలిపే చోటు) దగ్గర ఉంటే ఇలా అని. ఆరింటినీ బట్టీ పట్టి పూర్తి మార్కులు తెచ్చుకున్న పిల్లలు కూడా "మరి నాభి దాటగానే బొమ్మ అటునుంచి ఇటు ఎలా దూకింది?" అని అడిగితే తడబడతారు. తప్పు వాళ్లది కాదు. ఆరు బొమ్మలుగా విడగొట్టి చెప్పినప్పుడు, వాటి వెనక ఉన్న ఒకే ఒక్క సంగతి కనపడకుండా పోతుంది. కుంభాకార కటకం, అంటే భూతద్దంలా నడుమ లావుగా ఉండే గాజు, ఎప్పుడూ ఒకే పని చేస్తుంది, ఎప్పుడూ అంతే మోతాదులో చేస్తుంది. ఆ మోతాదు సరిపోయిందా లేదా అన్నదే నిజ ప్రతిబింబానికీ మిథ్యా ప్రతిబింబానికీ తేడా.

ముందు ఒక మాట గురించి మాట్లాడుకోవాలి. తెలుగులో "మిథ్య" అనగానే అబద్ధం, భ్రమ అనే అర్థం మనసులోకి వస్తుంది. చీకట్లో తాడును చూసి పామనుకోవడం లాంటిదేదో అనిపిస్తుంది. దాంతో మిథ్యా ప్రతిబింబం అంటే కంటిని మోసం చేసేదనీ, నిజ ప్రతిబింబం అంటే అసలైనదనీ ఒక తప్పు అభిప్రాయం మొదట్లోనే నాటుకుపోతుంది. భౌతికశాస్త్రంలో ఈ రెండు మాటలకూ అంత బరువు లేదు. కిరణాలు నిజంగానే ఒక చోట కలిస్తే అక్కడ ఏర్పడేది నిజ ప్రతిబింబం. కిరణాలు కలవకుండా, ఫలానా చోటినుంచి బయల్దేరినట్టుగా వస్తుంటే ఆ చోట కనిపించేది మిథ్యా ప్రతిబింబం. రెండో దాంట్లో కూడా కంటిని చేరే వెలుగు అచ్చమైన వెలుగే. ఖగోళ శాస్త్రవేత్త జొహానెస్ కెప్లర్ 1604లో అచ్చయిన తన గ్రంథంలో ఈ రెంటికీ వేర్వేరు లాటిన్ మాటలు వాడాడు. తెరమీద పడేదాన్ని "పిక్చురా" అన్నాడు, అంటే చిత్రం. చూపుకు మాత్రమే తోచేదాన్ని "ఇమాగో" అన్నాడు. ఒకటి నిజం, ఇంకొకటి అబద్ధం అని ఆయన పేర్లు పెట్టలేదు. మనకూ అలాంటి మాటలు వచ్చి ఉంటే పిల్లలకు సగం టెన్షన్ తగ్గేది.

ఇక అసలు విషయం. వెలిగే కొవ్వొత్తిని తీసుకుందాం. మంట కొసన ఉన్న ఒక్క చుక్కను మాత్రమే చూద్దాం. ఆ చుక్క నుంచి వెలుగు అన్ని దిక్కులకూ పోతుంది. అందులో కటకం మీద పడే భాగం ఒక శంకువు ఆకారంలో ఉంటుంది. కొన చుక్క దగ్గర, అడుగు కటకం మీద. ఈ శంకువులోని కిరణాలన్నీ విప్పారుతూ వస్తున్నాయి, అంటే ఒకదానికొకటి దూరం జరుగుతూ వస్తున్నాయి. కటకం వాటిని లోపలికి వంచుతుంది. మధ్యలోంచి పోయే కిరణం దాదాపు వంగదు, అంచుల దగ్గర పడినవి ఎక్కువ వంగుతాయి. అలా వంగి, అవతల అవన్నీ ఒకే చుక్క దగ్గర కలిస్తే, మంట కొసకు అక్కడ ప్రతిబింబం ఏర్పడినట్టు. మంటలో ఇంకో చుక్కకు ఇంకో శంకువు, దానికి అవతల ఇంకో కలయిక. ఇలా లక్షల చుక్కలకు లక్షల కలయికలు పక్కపక్కన చేరితే అదే మంట బొమ్మ. బొమ్మ మొత్తం ఒక ముక్కగా గాలిలో ఎగిరి వచ్చి తెరమీద వాలదు. చుక్క చుక్కగా కట్టుకుంటుంది.

అన్ని కిరణాలూ అంత కచ్చితంగా ఒకే చోటికి ఎందుకు చేరతాయి? దీనికి అందమైన సమాధానం ఉంది. వెలుగు గాలిలో సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది. మామూలు గాజు వక్రీభవన గుణకం (వెలుగు ఎన్ని రెట్లు నెమ్మదిస్తుందో చెప్పే అంకె) 1.5 కాబట్టి గాజులో ఆ వేగం సుమారు 2 లక్షల కిలోమీటర్లకు పడిపోతుంది. కటకం మధ్యలోంచి పోయే కిరణానికి దారి దగ్గర, కానీ గాజు మందం ఎక్కువ, అందుకని లోపల ఆలస్యం అవుతుంది. అంచునుంచి పోయే కిరణానికి దారి దూరం, కానీ గాజు పలచన, ఆలస్యం తక్కువ. దూరంలో పోగొట్టుకున్నది గాజులో రాబట్టుకుంటుంది. ఏ దారిన వెళ్లినా చివరికి పట్టే కాలం ఒకటే. నడుమ లావుగా, అంచులు సన్నగా ఉండే ఆ ఆకారం ఈ సర్దుబాటు కోసమే. గోళాకారపు గాజుకు ఇది నూటికి నూరుపాళ్లూ కుదరదు, అందుకే చవక భూతద్దాల్లో అంచుల దగ్గర బొమ్మ చెదురుతుంది. కానీ మధ్య భాగంలో బాగానే కుదురుతుంది.

ఇప్పుడు లెక్క. 10 సెంటీమీటర్ల నాభ్యాంతరం (కటకం నుంచి నాభికి ఉన్న దూరం) ఉన్న కుంభాకార కటకాన్ని తీసుకుందాం. నాభ్యాంతరాన్ని మీటర్లలో రాసి 1ని దానితో భాగిస్తే కటక సామర్థ్యం వస్తుంది, దాని ప్రమాణం డయాప్టర్. కాబట్టి ఈ కటకం సామర్థ్యం 10 డయాప్టర్లు. కళ్లజోడు చీటీలో రాసే "పవర్" ఇదే. వచ్చే కిరణాల విప్పారే మోతాదును కూడా ఇదే కొలతలో చెప్పవచ్చు. 50 సెంటీమీటర్ల దూరంలోని చుక్క నుంచి వచ్చే కిరణాలు కటకాన్ని చేరేసరికి 2 డయాప్టర్ల మేరకు విప్పారుతూ ఉంటాయి. 20 సెంటీమీటర్ల నుంచి అయితే 5 డయాప్టర్లు. 5 సెంటీమీటర్ల నుంచి అయితే ఏకంగా 20 డయాప్టర్లు. వస్తువు దగ్గరయ్యేకొద్దీ విప్పారడం పెరుగుతుంది.

కటకం దగ్గర ఉన్నది 10 డయాప్టర్ల ముడిచే శక్తి. అది ఎక్కువా కాదు, తక్కువా కాదు. 50 సెంటీమీటర్ల దూరంలో కొవ్వొత్తి పెడితే, వచ్చే 2 డయాప్టర్ల విప్పారడాన్ని రద్దు చేయడానికి 2 ఖర్చవుతాయి. మిగిలిన 8 కిరణాలను ముడుస్తాయి. 8 డయాప్టర్లంటే 12.5 సెంటీమీటర్లు. కటకానికి అవతల సరిగ్గా అంత దూరంలో తెర పెడితే చిన్న తలకిందుల మంట కనబడుతుంది. కొవ్వొత్తిని 20 సెంటీమీటర్లకు తెస్తే 5 ఖర్చు, 5 మిగులు. బొమ్మ కూడా 20 సెంటీమీటర్ల దగ్గరే పడుతుంది, అసలు మంట ఎంత ఉందో అంతే ఉంటుంది. 12.5కు తెస్తే 8 ఖర్చు, 2 మిగులు. బొమ్మ 50 సెంటీమీటర్ల దూరానికి పోయి, 4 రెట్లు పెద్దదవుతుంది. మొదటి స్థానానికీ ఈ స్థానానికీ ఉన్న పోలిక గమనించదగింది. కొవ్వొత్తీ తెరా ఒకదాని చోటు ఒకటి మార్చుకున్నాయంతే. వెలుగు వచ్చిన దారినే వెనక్కి పోగలదన్న సూత్రానికి ఇంతకంటే సులువైన సాక్ష్యం దొరకదు.

కొవ్వొత్తిని సరిగ్గా 10 సెంటీమీటర్ల దగ్గర పెడితే? వచ్చేది 10, ఉన్నది 10. మిగులు సున్నా. కిరణాలు విప్పారవు, ముడుచుకోవు, సమాంతరంగా పోతాయి. తెరను ఎంత దూరం జరిపినా బొమ్మ దొరకదు. 5 సెంటీమీటర్ల దగ్గర పెడితే వచ్చే విప్పారడం 20. కటకం తన 10నీ పెట్టేసినా ఇంకా 10 మిగిలే ఉంటుంది. అవతలికి వచ్చిన కిరణాలు ఇంకా విప్పారుతూనే ఉన్నాయి, కాకపోతే మునుపటంత కాదు. 10 డయాప్టర్ల మేరకు విప్పారే కిరణాలు ఎక్కడినుంచి వచ్చినట్టుంటాయి? 10 సెంటీమీటర్ల వెనకనుంచి. అందుకని కొవ్వొత్తి ఉన్న వైపే, దానికంటే రెట్టింపు దూరంలో, రెట్టింపు సైజులో, నిటారుగా ఒక మంట కనబడుతుంది. అదే మిథ్యా ప్రతిబింబం.

ఈ లెక్కలో కొత్త నియమమేదీ లేదు. పుస్తకాల్లో ఉండే కటక సూత్రమే ఇది, 1/f = 1/v − 1/u. కాకపోతే గుర్తులు ఎక్కడ ప్లస్, ఎక్కడ మైనస్ అని తల బద్దలు కొట్టుకునే అవసరం ఇక్కడ లేదు. ఎంత వచ్చింది, ఎంత ఉంది, ఏం మిగిలింది. ఇంటి పద్దు రాసినట్టే. ముడిచే శక్తి మిగిలితే నిజ ప్రతిబింబం. అప్పు మిగిలితే మిథ్యా ప్రతిబింబం.

నాభిని దాటేటప్పుడు

అటునుంచి ఇటు బొమ్మ "దూకింది" అనిపించడం మీద కాస్త నిలబడి ఆలోచించాలి, ఎందుకంటే ఎక్కువమందిని ఇబ్బంది పెట్టేది ఇదే. పై కటకంతోనే, కొవ్వొత్తిని 12 సెంటీమీటర్ల దగ్గర పెడితే నిజ ప్రతిబింబం 60 సెంటీమీటర్ల దూరంలో, 5 రెట్లు పెద్దదిగా ఉంటుంది. 11 దగ్గర పెడితే 110 సెంటీమీటర్ల దూరంలో, 10 రెట్లు. 10.1 దగ్గర పెడితే 10 మీటర్లు దాటిపోతుంది, 100 రెట్లు. బొమ్మ పారిపోతున్నట్టుగా దూరం పోతూ, పెరుగుతూ ఉంటుంది. నాభి దగ్గర అది అనంతానికి వెళ్లిపోతుంది. కొవ్వొత్తిని ఇంకా లోపలికి, 9 సెంటీమీటర్లకు తెస్తే మిథ్యా ప్రతిబింబం ఇవతలి వైపు 90 సెంటీమీటర్ల దూరంలో, 10 రెట్లు పెద్దదిగా ఉంటుంది. 8కి తెస్తే 40 సెంటీమీటర్ల దూరంలో, 5 రెట్లు.

12కీ 8కీ ఆవర్ధనం, అంటే బొమ్మ ఎన్ని రెట్లు పెద్దదో చెప్పే అంకె, 5. 11కూ 9కీ ఆవర్ధనం 10. నాభికి ఏ వైపున ఉన్నా ఎంత దూరంలో ఉన్నామన్నదే బొమ్మ సైజును తేలుస్తుంది. నాభ్యాంతరాన్ని ఆ దూరంతో భాగిస్తే సరి. ఏ వైపున ఉన్నామన్నది బొమ్మ తలకిందులా నిటారా అన్నది మాత్రమే తేలుస్తుంది. కాబట్టి మధ్యలో తెగిపోయినదేమీ లేదు. ముడుచుకోవడం కొద్దికొద్దిగా తగ్గి సున్నా అయింది, సున్నా దాటి విప్పారడంగా మారింది. చలి తగ్గి వేడి మొదలైనంత సాఫీగా జరిగిన మార్పు అది. దాన్ని దూరంగా మార్చి రాసుకోవడం వల్లే అనంతం అడ్డొచ్చి, దూకినట్టు కనిపించింది.

మరి భూతద్దం లేపేటప్పుడు మధ్యలో వచ్చే ఆ మసక ఏమిటి? అది కటకం తప్పు కాదు, కంటి హద్దు. మామూలు కన్ను విప్పారుతూ వచ్చే కిరణాలను రెటీనా (కంటి లోపల వెనకనున్న తెరలాంటి పొర) మీద చేర్చగలదు, సమాంతరంగా వచ్చేవాటినీ చేర్చగలదు. ముడుచుకుంటూ వచ్చే కిరణాలతో దానికి పని పడలేదు, ఎందుకంటే మామూలు ప్రపంచంలో ఏ వస్తువూ అలాంటి కిరణాలను పంపదు. పేజీ నాభిని దాటి కొంచెం దూరం కాగానే కిరణాలు ముడుచుకుంటూ కంటిలోకి వస్తాయి, రెటీనాకు ముందే కలిసిపోతాయి, చూపు మసకబారుతుంది. ముఖాన్ని వెనక్కి జరిపితే, కిరణాలు కంటికి ముందే గాలిలో కలిసి, అక్కడినుంచి మళ్లీ విప్పారుతూ వస్తాయి. అప్పుడు కన్ను వాటిని పట్టుకోగలదు. 10 సెంటీమీటర్ల కటకానికి 20 సెంటీమీటర్ల కింద పేజీ ఉంటే, బొమ్మ కటకానికి 20 సెంటీమీటర్ల పైన గాలిలో ఉంటుంది. హాయిగా చూడాలంటే కన్ను దానికి ఇంకో 25 సెంటీమీటర్ల పైన, అంటే కటకానికి 45 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి.

తెర తీసేస్తే బొమ్మ ఏమవుతుంది?

"నిజ ప్రతిబింబాన్ని తెరపై పట్టవచ్చు, మిథ్యా ప్రతిబింబాన్ని పట్టలేము" అన్నది అందరికీ కంఠతా వచ్చిన వాక్యం. వాక్యం సరైనదే. కానీ దాన్నుంచి చాలామంది తీసుకునే అర్థం తప్పు, తెర ఉంటేనే నిజ ప్రతిబింబం ఉంటుందని. తెర తీసేసినా కిరణాలు అక్కడే కలుస్తాయి. కలిసి, ఆగకుండా ముందుకు పోతాయి. తెర చేసేదల్లా ఆ కలిసిన వెలుగును అన్ని వైపులకూ చిమ్మడం. అందుకే తెర ఉన్నప్పుడు గదిలో ఏ మూలన కూర్చున్నవాళ్లకైనా బొమ్మ కనబడుతుంది. తెర లేనప్పుడు, కలిసి విడిపోయిన కిరణాలు వెళ్లే దారిలో కన్ను ఉంటేనే కనబడుతుంది.

దీన్ని చేతికందే దూరంలోనే పరీక్షించవచ్చు. భూతద్దాన్ని చేయి చాచి పట్టుకుని, దాంట్లోంచి కిటికీ అవతలి చెట్టును చూస్తే చెట్టు చిన్నదిగా, తలకిందులుగా కనిపిస్తుంది. అది ఎక్కడుందని అడిగితే దాదాపు అందరూ అద్దంలోనే ఉందంటారు. నిజానికి అది అద్దానికి ఇవతల, చూసేవాళ్ల వైపు, సుమారు నాభ్యాంతరమంత దూరంలో గాలిలో ఉంది. ఒక పెన్సిల్ మొనను అద్దానికీ కంటికీ మధ్య నిలబెట్టి తలను అటూ ఇటూ ఆడిస్తే గుట్టు తెలిసిపోతుంది. పెన్సిల్ అద్దానికి మరీ దగ్గరగా ఉంటే తల కదిపినప్పుడు పెన్సిల్ ఒకలా, చెట్టు ఒకలా కదులుతాయి. పెన్సిల్‌ను కొద్దికొద్దిగా కంటివైపు జరుపుతూ పోతే ఒక చోట రెండూ అతికించినట్టుగా కలిసి కదులుతాయి. చెట్టు బొమ్మ ఉన్నది అక్కడే. అక్కడ పలచటి కాగితం పెడితే దాని మీద చెట్టు పడుతుంది. కాగితం అవసరం లేకుండానే ఆ చోటు దొరికిందన్నది ముఖ్యం.

ఇంకో పరీక్ష ఇంతకంటే గొప్పది. కొవ్వొత్తి బొమ్మను తెరమీద స్పష్టంగా పడేలా చేసి, కటకంలో పై సగాన్ని నల్లటి అట్టముక్కతో మూసేస్తే ఏం జరుగుతుంది? బొమ్మలో సగం పోతుందని జవాబు చెప్పేవాళ్లే ఎక్కువ. పోదు. మంట మొత్తం అలాగే ఉంటుంది, వెలుగు మాత్రం సగానికి తగ్గుతుంది. మంటలోని ప్రతి చుక్కా కటకం మొత్తానికి కిరణాలు పంపుతోంది కదా. పై సగం మూసినా, కింది సగంలోంచి పోయిన కిరణాలు అదే చోట కలుస్తాయి. పుస్తకంలో గీసే రెండు మూడు కిరణాలు లెక్క కోసం ఎంచుకున్నవి మాత్రమే. ఒకటి ప్రధానాక్షానికి (కటకం నడిమధ్యలోంచి అటూ ఇటూ తిన్నగా పోయే ఊహాగీతకు) సమాంతరంగా వచ్చి నాభిలోంచి పోయేది, ఇంకొకటి దృక్ కేంద్రంలోంచి, అంటే కటకం నడిమధ్యలోంచి, నేరుగా పోయేది. గీయడానికి సులువని వాటిని ఎంచుకున్నారు. బొమ్మ కట్టేది అవి రెండే అనుకుంటే ఈ పరీక్షలో ఓడిపోతాం. ఆ రెండు కిరణాలకూ అడ్డం పెట్టినా బొమ్మ చెక్కుచెదరదు.

తలకిందులు కావడానికి కారణం దృక్ కేంద్రంలోంచి పోయే కిరణమే చెబుతుంది. మంట పైకొస నుంచి వచ్చే కిరణం కటకం నడిమధ్యలోంచి నేరుగా పోయి అవతల కిందికి చేరుతుంది. మొదలు నుంచి వచ్చేది పైకి చేరుతుంది. కుడి ఎడమలు కూడా ఇలాగే తారుమారవుతాయి. బొమ్మ కటకానికి అవతల ఉంటే ఈ దాటడం తప్పదు. మిథ్యా ప్రతిబింబం వస్తువున్న వైపే ఉంటుంది కాబట్టి దాటడమన్నదే లేదు, నిటారుగా ఉంటుంది.

మిథ్యా ప్రతిబింబం భ్రమ కాదనడానికి పెద్ద రుజువులు అక్కర్లేదు. భూతద్దం కింద అక్షరాలను ఫోన్ కెమెరాతో ఫొటో తీస్తే పెద్ద అక్షరాలే పడతాయి. యంత్రానికి భ్రమలుండవు. విప్పారుతూ వచ్చే ఆ కిరణాలను కెమెరాలోని కటకం మళ్లీ ముడిచి, సెన్సర్ మీద నిజ ప్రతిబింబంగా మారుస్తుంది. కంటిలో జరిగేదీ అదే. ఏ మిథ్యా ప్రతిబింబాన్ని చూసినా, చూపు పూర్తయ్యేది రెటీనా మీద పడే నిజ ప్రతిబింబంతోనే. "తెరపై పట్టలేము" అన్న మాటకు "ఇంకో కటకం సాయం లేకుండా" అన్న షరతు చేర్చుకోవాలి.

భూతద్దం వస్తువును పెద్దదిగా చూపడంలో కూడా ఒక మెలిక ఉంది. 8 సెంటీమీటర్ల దగ్గరున్న అక్షరం బొమ్మ 5 రెట్లు పెద్దది. కానీ అది 5 రెట్లు దూరంలో కూడా ఉంది, 40 సెంటీమీటర్ల దగ్గర. కంటిని కటకానికి ఆనించి చూస్తే, అసలు అక్షరం కంటి దగ్గర చేసే కోణం ఎంతో, ఈ పెద్ద బొమ్మ చేసే కోణం కూడా అంతే. మరి లాభమేమిటి? 8 సెంటీమీటర్ల దగ్గరున్న అక్షరాన్ని ఉత్త కంటితో చూడలేం, మసకబారుతుంది. మామూలు కంటికి స్పష్ట దృష్టి కనిష్ఠ దూరం 25 సెంటీమీటర్లని లెక్క. భూతద్దం చేసే అసలు ఉపకారం వస్తువును కంటికి అంత దగ్గరగా తెచ్చుకోనివ్వడం, తెచ్చుకున్నాక కూడా బొమ్మను కన్ను పట్టగలిగే దూరానికి నెట్టడం. దగ్గరగా తెచ్చుకున్నందుకే పెద్దదిగా కనిపిస్తుంది. అందుకే నాభ్యాంతరం చిన్నదైనకొద్దీ భూతద్దం బలమైనది.

ఎండలో భూతద్దంతో కాగితాన్ని కాల్చినప్పుడు కనిపించే చురుకైన చుక్క కూడా ఒక నిజ ప్రతిబింబమే, సూర్యుడి బొమ్మ. 10 సెంటీమీటర్ల నాభ్యాంతరానికి దాని వెడల్పు దాదాపు 1 మిల్లీమీటరు. 5 సెంటీమీటర్ల వెడల్పున్న కటకం మీద పడిన ఎండంతా అందులో ఇరుక్కుంటుంది, అంటే వైశాల్యం లెక్కన సుమారు 2,500 రెట్లు చిక్కబడుతుంది. పాక్షిక సూర్యగ్రహణం వేళ అది గుండ్రంగా కాకుండా నెలవంకలా కనిపిస్తుంది, అది బొమ్మేనని దాంతో తేలిపోతుంది. కటకంలోంచి సూర్యుణ్ని కంటితో చూడటం మాత్రం ఎప్పటికీ చేయకూడని పని, అప్పుడు ఆ కాలే చుక్క రెటీనా మీద పడుతుంది.

కంటిలోకి వస్తే, అక్కడ మొత్తం సామర్థ్యం సుమారు 60 డయాప్టర్లు. అందులో మూడింట రెండు వంతులు ముందున్న పారదర్శక పొర కార్నియాదే, లోపలి కటకానిది మిగతాది. కానీ దూరాన్ని బట్టి సర్దుకునే పని లోపలి కటకానిదే. రెటీనా ముందుకూ వెనక్కూ జరగదు కాబట్టి, వస్తువు దగ్గరైనప్పుడు కటకం ఉబ్బి తన సామర్థ్యాన్ని పెంచుకుంటుంది. రెటీనా మీద బొమ్మ తలకిందులుగా పడుతుందని 1604లో కెప్లర్ తేల్చాడు. తర్వాత ఖగోళ శాస్త్రవేత్త క్రిస్టఫ్ షైనర్ ఎద్దు కంటి వెనక పొరను ఒలిచి, ఆ బొమ్మను కళ్లారా చూశాడు. తలకిందుల బొమ్మను మెదడు తిప్పి చూసుకుంటుందని అంటుంటారు గానీ, తిప్పాల్సిన పని లేదు. రెటీనాను చూడటానికి లోపల ఇంకో కన్ను లేదు. రెటీనా కింది భాగం మీద పడిన వెలుగు ప్రపంచంలో పైనుంచి వచ్చిందని మెదడుకు తెలుసు, అంతే.

నలభై దాటాక వచ్చే చత్వారం ఈ పద్దులోనే అర్థమవుతుంది. కంటి కటకం బిరుసెక్కి, ఉబ్బే గుణం తగ్గుతుంది. ఒకరు 1 మీటరుకంటే దగ్గర ఉన్నదాన్ని స్పష్టంగా చూడలేకపోతున్నారనుకుందాం. అంటే 1 డయాప్టర్ మేరకు విప్పారే కిరణాలవరకే వాళ్ల కన్ను సర్దుకోగలదు. 25 సెంటీమీటర్ల దగ్గర పట్టుకున్న పుస్తకం నుంచి 4 డయాప్టర్ల విప్పారడం వస్తుంది. ఎక్కువైన 3ను తగ్గించడానికి ప్లస్ 3 కళ్లజోడు. ఆ కటకం నాభ్యాంతరం సుమారు 33 సెంటీమీటర్లు, పుస్తకం దానికి లోపలే ఉంది. కాబట్టి కళ్లజోడు పుస్తకానికి నిటారుగా ఉండే మిథ్యా ప్రతిబింబాన్ని 1 మీటరు దూరంలో ఏర్పరుస్తుంది. చత్వారపు అద్దాలతో చదువుతున్నంతసేపూ చదివేది పుస్తకం మిథ్యా ప్రతిబింబాన్నే. మిథ్య అనే మాటను చిన్నచూపు చూడటం ఎంత అన్యాయమో ఇక్కడ బాగా తెలుస్తుంది.

ఇక్కడో చిన్న షరతు చేర్చాలి. 10 సెంటీమీటర్లనే హద్దు గాజుదొక్కదానిదే కాదు, చుట్టూ ఉన్న మాధ్యమానిది కూడా. అదే కటకాన్ని నీళ్లలో ముంచితే, నీటి వక్రీభవన గుణకం 1.33 కాబట్టి గాజుకూ నీటికీ తేడా తగ్గి, నాభ్యాంతరం దాదాపు 4 రెట్లవుతుంది. గాలిలో 20 సెంటీమీటర్ల దూరానికి నిజ ప్రతిబింబం ఇచ్చిన కటకం, నీళ్లలో అదే దూరానికి మిథ్యా ప్రతిబింబం ఇస్తుంది.

కెమెరా, ప్రొజెక్టర్ లాంటివాటి గురించి ఇంత చెప్పాక వేరే వివరించాల్సింది పెద్దగా లేదు. దూరపు వస్తువుకు చిన్న నిజ ప్రతిబింబం కెమెరా, నాభికి కాస్త అవతల పెట్టిన చిన్న చిత్రానికి పెద్ద నిజ ప్రతిబింబం ప్రొజెక్టర్. రెండు రకాలూ ఒకే గొట్టంలో పనిచేసే సాధనాలు మాత్రం ఆగి చూడదగ్గవి. మైక్రోస్కోపులో కింది కటకం నమూనాకు పెద్ద నిజ ప్రతిబింబాన్ని గొట్టం లోపల గాలిలో ఏర్పరుస్తుంది. కంటి దగ్గరి కటకం ఆ గాలిలోని బొమ్మనే వస్తువుగా తీసుకుని, భూతద్దంలా దానికి మిథ్యా ప్రతిబింబం ఇస్తుంది. తెర లేకపోయినా నిజ ప్రతిబింబం ఉంటుందన్న మాట లేకపోతే మైక్రోస్కోపే లేదు.

టెలిస్కోపు కథ ఇంకా బాగుంటుంది. గెలీలియో వాడినదానిలో కంటి దగ్గర పుటాకార కటకం (నడుమ సన్నగా ఉండి, కిరణాలను విప్పార్చేది) ఉండేది. ముందు కటకం ముడిచిన కిరణాలు కలిసేలోపే అది వాటిని పట్టుకునేది కాబట్టి గొట్టం లోపల నిజ ప్రతిబింబం ఏర్పడేదే కాదు. 1611లో కెప్లర్ రెండు చోట్లా కుంభాకార కటకాలే పెట్టే పద్ధతిని ప్రతిపాదించాడు. బొమ్మ తలకిందులుగా కనిపిస్తుంది, అదొక లోటు. కానీ గొట్టం లోపల ఒక చోట ఆకాశపు నిజ ప్రతిబింబం నిలుస్తుంది. 1640 ప్రాంతంలో ఇంగ్లండుకు చెందిన విలియం గాస్కోయిన్ అలాంటి టెలిస్కోపులో సన్నటి దారాన్ని సరిగ్గా ఆ చోటే పెడితే, నక్షత్రమూ దారమూ రెండూ ఒకేసారి స్పష్టంగా కనిపిస్తాయని గుర్తించాడు. దాంతో దారాన్ని గురిగా పెట్టుకుని ఆకాశంలో దూరాలను కొలవడం కుదిరింది, అందుకోసం గాస్కోయిన్ చిన్న చిన్న దూరాలను కొలిచే మైక్రోమీటరును కూడా తయారుచేశాడు. గెలీలియో గొట్టంలో అలా దారం పెట్టడానికి చోటే లేదు. కిరణాలు కలిసే చోటు గొట్టంలో ఉంటేనే దాని పక్కన దారం పెట్టగలం.